స్విచ్చు మీది తువ్వాలు

ఆగస్టు 4

డాక్టరమ్మ రాయమంది. రోజుకి నాలుగు ముక్కలు చాలట, ఎవరికీ చూపించక్కర్లేదట. రాస్తే తగ్గిపోయేదైతే గుమాస్తాలకి ఏ రోగమూ రాకూడదు కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ముందు ఆ రోజు జరిగింది రాయి. తర్వాతది అదే వస్తుంది" అంది.

సరే. జూలై పదకొండు, పొద్దున పదిన్నర. చిత్తు కాగితం మోసే బెల్టు ఆగి ఉంది. రోలరుకి కట్టుతీగ చుట్టుకుపోతే తియ్యడానికి బాబాయ్ బెల్టు కిందకి దూరాడు. స్విచ్చు మీద ఆయన తువ్వాలు లేదు. కింద పడి ఉందేమో, నేను చూడలేదు. స్విచ్చు వేశాను. బాబాయ్ కుడి చెయ్యి మోచేతి పైదాకా పోయింది.

విచారణలో కూడా ఇదే చెప్పాను. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 5

నాకేమీ కాలేదు. సెలవు మిల్లువాళ్ళే ఇచ్చారు, నేను అడగలేదు.

ఆగస్టు 7

తువ్వాలు సంగతి డాక్టరమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు. మళ్ళీ అడిగితే చూసి చెప్పడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా మిల్లులో స్విచ్చు స్తంభం ఒక మూల, రోలర్లు ఇంకో మూల. మధ్యలో తీగతో కట్టిన కాగితం బేళ్ళు గోడలా పేర్చి ఉంటాయి. బెల్టు కింద మనిషి ఉన్నాడో లేడో స్విచ్చు దగ్గర నిలబడితే కనపడదు. అందుకని కిందకి వెళ్ళేవాడు తన తువ్వాలు స్విచ్చు పిడికి తగిలించి, ఒక ముడి వేసి వెళతాడు. అది వేలాడుతున్నంతసేపూ యజమాని వచ్చినా స్విచ్చు ముట్టుకోకూడదు. బయటికి వచ్చాక ఎవడిది వాడే విప్పుకోవాలి. వేరేవాడి చెయ్యి దాని మీద పడకూడదు.

ఈ పద్ధతి పెట్టింది బాబాయే. ఆయన మిల్లు మొత్తానికీ బాబాయే, నాకు మాత్రం ఇంకాస్త ఎక్కువ. పని నేర్పింది ఆయన. చిత్తు బేళ్ళలో వచ్చే పుస్తకాలు ఏరి నా సంచీలో పడేసేదీ ఆయనే. "చదువు రా. బళ్ళో చెప్పనిది చెత్తలో దొరుకుతుంది" అనేవాడు. అట్టల్లేనివి, చివరి పేజీలు లేనివి. నాకొచ్చిన చదువంతా అదే.

చేరిన మొదటి రోజు తువ్వాలు ముడి వేస్తూ నాతో అన్నాడు: "ఇది గుడ్డ కాదురా. నా ప్రాణం ఇక్కడ తగిలించి లోపలికి పోతున్నా. దొంగతనం చెయ్యకు."

ఆగస్టు 9

సాయంత్రం అక్క లైటు వెయ్యమంది. నువ్వే వేసుకో అన్నాను. మిక్సీ పెట్టింది, వీధిలోకి వెళ్ళిపోయాను. ఆ రొద నాకు మొదటినుంచీ పడదు. మసక వెలుతురే బాగుంటుంది, కళ్ళకి చలవ.

బావ చూశాడు. ఏమీ అనలేదు. అనకపోతేనే ఒళ్ళు మండుతుంది.

ఆగస్టు 12

మిల్లు వెనక గోడ దాకా వెళ్ళాను. ఊరికే.

అక్కడ వానకి తడిసి పనికిరాని కాగితం గుట్టగా పోస్తారు. కుళ్ళిన వాసన. కాగితానిది కాదు, మాంసానిది. గుట్టకీ గోడకీ మధ్య సందులో కుక్క. గోధుమ రంగు, ఒక చెవి మడత. మెడ చుట్టూ తీగ. మా తీగే, బేళ్ళు కట్టేది. మెడ పెరిగింది, తీగ పెరగలేదు. చర్మంలోకి దిగిపోయి పైన మాంసం మూసుకుంటోంది.

రెండు గంటలు పట్టింది. చేతి మీద కరిచింది. కరవనీ అనుకున్నాను. చివరికి గోనెసంచీలో మూట కట్టి, బావ స్కూటరు మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్టార్టు బటన్ నొక్కలేదు, కిక్కు కొట్టాను. కిక్కు కొడితే బండికి మంచిది.

కాంపౌండరు సంచీ విప్పి చూసి, "మీ కుక్కా?" అన్నాడు.

"కాదు."

"అందరూ ఇదే అంటారు. మందు వేసేటప్పుడు కాదు, తోక ఊపేటప్పుడు అవును."

డాక్టరు తీగ కత్తిరించి పళ్ళెంలో వేశాడు. టంగుమంది. "చిన్న పిల్లప్పుడు ఎవరో కట్టి మర్చిపోయారు" అన్నాడు.

మర్చిపోవడం కాదు. రోజూ చూసే ఉంటారు. విప్పబోతే కట్టింది తామేనని తెలిసిపోతుందని ఊరుకుని ఉంటారు.

నా చేతికి పెద్దాసుపత్రిలో సూది వేశారు. ఇంకా రావాలట.

ఆగస్టు 14

కుక్కని ఇంటికి తెస్తే నా మంచం కింద దూరింది, రాదు. గిన్నె పెట్టి చూస్తూ కూర్చుంటే ముట్టదు. గోడవైపు తిరిగి కూర్చుంటే కాసేపటికి చప్పుడు వినిపిస్తుంది. నేను తిరిగితే ఆపేస్తుంది.

నేనూ అంతే. అక్క ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగదు. పళ్ళెం తీసుకుని పెరట్లోకి పోతున్నాను. గాలి బాగుంటుందని.

ఆగస్టు 16

అక్క దానికి పేరు పెట్టింది. అల్లుడుగారు. "పనీ పాటా లేదు. పొద్దస్తమానం పడక. గిన్నె అక్కడికే వెళ్ళాలి, పైగా మనం చూడకూడదు. అల్లుడు కాక ఎవర్రా ఇది?" అంటుంది.

"ఈ ఇంటి అల్లుణ్ణి నేను కదా. ఇన్ని మర్యాదలు నాకెప్పుడు జరిగాయి?" అన్నాడు బావ.

"కరిస్తే జరిగేవి."

నాకూ నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. అక్కడ బాబాయ్ అన్నం ఎడమచేత్తో తినడం నేర్చుకుంటూ ఉంటాడు.

ఆగస్టు 17

గోడవైపు తిరిగాకే తిన్నది. అంతే.

ఆగస్టు 20

మంచం కింద నా ట్రంకు పెట్టె ఉంది, గొళ్ళెం ఊడిపోయి. కుక్క మూత లేపి, బట్టలన్నీ కెలికి, అడుగున ఉన్న తువ్వాలు లాక్కుంది. దాని మీద చుట్ట చుట్టుకుని పడుకుంది. మెత్తటి చొక్కాలున్నాయి, దుప్పటి ఉంది. అవేవీ పనికిరాలేదు దానికి.

అక్క చీపురు పట్టుకుని వంగి చూసింది. "ఎవరిదిరా ఈ తువ్వాలు?"

"నాదే. కొన్నాను."

"ఇంత పాతదా? మూలన ఎర్రదారంతో పువ్వు కుట్టి ఉంది. ఏ కొట్టువాడు కుట్టిచ్చాడు?"

"కొట్టుకొచ్చాను. చాలా?"

అక్క చీపురు కింద పెట్టింది, నా ముఖంకేసి చూసింది. మళ్ళీ చీపురు తీసుకుని వేరే గది ఊడవడానికి వెళ్ళింది.

ఆగస్టు 21

అది నా దగ్గర ఎందుకుందంటే, పారెయ్యడానికి సరైన చోటు దొరకలేదు. అంతే.

ఆగస్టు 25

సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చాడు. మిల్లులో నన్ను 'ఒరేయ్, నత్తా' అనేవాడు, ఇక్కడ 'తమ్ముడూ' అన్నాడు.

"రిపోర్టు తయారైపోయింది తమ్ముడూ. తువ్వాలు తగిలించకుండా దిగాడు, తప్పు ఆయనదేనని తేలింది. నీ మీద మచ్చ లేదు. ఆరో తేదీన పెద్దాఫీసుకి పోతుంది. ఎనిమిదిన నువ్వు డ్యూటీలోకి వచ్చెయ్యి."

"మరి బాబాయ్?"

"గేటు దగ్గర కూర్చోబెడదాం అనుకున్నాం పాపం. తన తప్పుతో పోగొట్టుకున్నవాడికి ఎలా ఇస్తాం, రూలు ఒప్పుకోదు. ముప్పై ఏళ్ళు ఊరందరికీ తువ్వాలు తువ్వాలు అని పాఠాలు చెప్పాడు. తనే మర్చిపోయాడు."

"తగిలించానన్నాడు కదా ఆయన."

"మొదట్లో అన్నాడు. మొన్న వెళితే మాట మారింది. 'తగిలించానో లేదో నాకే అనుమానంగా ఉంది బాబూ' అంటున్నాడు." సూపర్‌వైజరు మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడు. "వయసు."

ఆయన వెళ్ళేదాకా కుక్క మంచం కింద కదల్లేదు. నాకూ దూరాలనిపించింది.

ఆగస్టు 26

కింద పడి ఉంది. కింద పడి ఉంది. కింద పడి ఉంది.

ఆగస్టు 29

కుక్క మెడ గాయం ఆరుతోంది. పొద్దునా సాయంత్రం మందు రాయాలి. మొదట్లో బావ పట్టుకుంటే నేను రాసేవాణ్ణి. ఇప్పుడు తనే వచ్చి తల నా మోకాలి మీద పెడుతుంది, కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. మంటకి ఒళ్ళంతా వణుకుతుంది గానీ తల తియ్యదు. అయ్యాక తను కరిచిన చోటే నాకుతుంది.

దాని తలకాయ బరువు తక్కువేమీ కాదు. తీసేశాక మోకాలు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

సెప్టెంబరు 1

ఇది రాయకూడదనుకున్నాను.

తువ్వాలు తగలబెట్టాలనుకున్నాను. అగ్గిపెట్టె తీసుకుని మంచం కింద చెయ్యి పెట్టి లాగాను. కుక్క రెండో కొస పట్టుకుంది. ఆటనుకుంది. మొదటిసారి తోక ఊపింది. నేను లాగుతుంటే అది లాగుతోంది, దాని కళ్ళు నవ్వుతున్నాయి. నాకు పిచ్చి కోపం వచ్చింది. వదలమని అరిచాను. చెయ్యెత్తాను.

పారిపోలేదు. కరవలేదు. నేలకి అంటుకుపోయి, మెడ దాచుకుని, ఉచ్చ పోసుకుంది. తువ్వాలు మీదే.

కొట్టలేదు. కొట్టలేదని రాసుకుంటే ఏమొస్తుంది. చెయ్యి లేచింది కదా.

పెరట్లో తువ్వాలు ఉతికాను. మూల పువ్వు దగ్గర గట్టిగా రుద్దబుద్ధి కాలేదు. ఆరేసి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాను. గిన్నె చప్పుడు వినిపించలేదు. చాలాసేపటికి వీపుకి వెచ్చగా తగిలింది. వచ్చి నా వీపుకి ఆనుకుని పడుకుంది.

నన్ను నమ్మాల్సిన అవసరం దానికేముంది?

సెప్టెంబరు 2

తువ్వాలు స్విచ్చు మీదే ఉంది.

ముడి వేసి ఉంది. నేను చూశాను. నా చేత్తో విప్పాను.

ఇప్పుడు మొత్తం రాస్తాను. ఆ రోజు పొద్దున్నించీ బెల్టు రెండుసార్లు ఆగింది. సూపర్‌వైజరు కాగితాలు ఏరే ఆడవాళ్ళందరి ముందూ నన్ను పట్టుకుని, "నత్తకి జీతమిచ్చి పెంచుకుంటున్నాం" అన్నాడు. వాళ్ళు నవ్వారు. చెవులు కాలిపోయాయి. స్తంభం దగ్గరికి వస్తే తువ్వాలు.

బాబాయ్‌కి ఒక అలవాటుంది. ఒక్కోసారి తువ్వాలు తగిలించి, బెల్టు కిందకి కాదు, వెనక గుమ్మంలోంచి టీకి పోతాడు. అడిగితే, "తువ్వాలు డ్యూటీలో ఉందిరా, నన్నెందుకు లేపుతావ్" అంటాడు. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. నన్ను తిట్టిస్తూ ఈయన టీ తాగుతున్నాడు అనుకున్నాను. బెల్టు చప్పుడు వినపడితే గ్లాసు పారేసి పరిగెత్తుకొస్తాడు, అందరి ముందూ ఈయనా నవ్వులపాలవ్వాలి అనుకున్నాను.

ఒక్క కేక వేస్తే సరిపోయేది. 'బాబాయ్' అంటే బేళ్ళ అవతల నుంచి 'ఓయ్' అనేవాడు. పిలవలేదు. పిలిస్తే తమాషా పోతుందని పిలవలేదు.

తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాను. స్విచ్చు నొక్కాను. నొక్కేటప్పుడు నేను నవ్వుతున్నాను.

ఇది డాక్టరమ్మకి చెప్పలేదు. అక్కకి చెప్పలేదు. నాకు కూడా నేను చెప్పుకోలేదు.

తర్వాత ఆ అరుపు. నేను పరిగెత్తాను, ఆయన దగ్గరికే పరిగెత్తాను, అది మాత్రం నిజం. తువ్వాలు ఎప్పుడు చొక్కా లోపల దోపుకున్నానో తెలీదు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే జారి పడింది. అప్పుడైనా తీసుకెళ్ళి ఉండొచ్చు. ఆ సాయంత్రమే ఎవరో 'తువ్వాలు ఎక్కడా కనపడలేదే' అన్నారు. అవును కనపడలేదు అన్నాను. ఒక్క మాట. తర్వాత దాని చుట్టూ మాంసం మూసుకుంది.

ముప్పై ఏళ్ళు తగిలించిన మనిషి ఇప్పుడు తన చేతిని తనే అనుమానిస్తున్నాడు. నేను తీసుకున్నది చెయ్యి ఒక్కటే కాదు.

ఆరో తేదీ రిపోర్టు పోతుంది.

సెప్టెంబరు 3

బాబాయ్ ఇంటికి వెళ్ళలేదు. కడుపు నొప్పి అని అక్కతో చెప్పాను. కడుపు నొప్పి లేదు.

సెప్టెంబరు 4

వెళ్ళాను.

తువ్వాలు చేతిసంచీలో పెట్టుకున్నాను. కుక్క మెడకి ఏదీ కట్టకూడదు, కాబట్టి ఇంట్లోనే వదిలి బయల్దేరాను. అది సంచీ వాసన పట్టుకుని వెంటపడింది. రెండుసార్లు తరిమాను. మూడోసారి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే తోడు కావాలనిపించింది.

తలుపు పిన్ని తీసింది. "రా నాయనా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా" అంది. ఆ 'నాయనా'కి అక్కణ్ణుంచే వెనక్కి పోవాలనిపించింది. బాబాయ్ మంచం మీద కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. గుండీ రెండుసార్లు జారింది. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసుతో గుచ్చి ఉంది.

"ఎవర్రా ఈ కొత్త చుట్టం?" అన్నాడు కుక్కని చూసి.

కూర్చోలేదు. సంచీలోంచి తువ్వాలు తీశాను. చేతిలోంచి జారి కింద పడింది. అంతే, కుక్క వచ్చి దాని మీద కూర్చుంది.

పిన్ని చూసింది. తన కుట్టు తనకి తెలియదా. "ఇది... ఇదెక్కడ దొరికింది?"

"నా దగ్గరే ఉంది పిన్నీ. మొదటినుంచీ."

బాబాయ్ నన్ను చూడలేదు, తువ్వాలునే చూస్తున్నాడు. "స్విచ్చు మీదే ఉందా?" అన్నాడు.

"ఉంది బాబాయ్."

"ముడి వేసుందా?"

"వేసుంది. నేనే విప్పాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన పిన్నివైపు తిరిగాడు. "విన్నావుటే? తగిలించాను. ముడి కూడా వేశాను. రెండు నెలలుగా తిట్టుకుంటున్నానే ఆ చేతిని. పోయిన చేతిని."

పిన్ని గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసి, "మా ఇంట్లో నా చేతి అన్నం తిన్నావు కదరా" అంది. గట్టిగా కూడా అనలేదు.

"ఎందుకు విప్పావు?" అన్నాడు బాబాయ్.

"టీకి వెళ్ళావనుకున్నా. పిలవలేదు. నిన్ను అందరి ముందూ పరిగెత్తించాలనుకున్నా." నవ్వుతూ నొక్కాననీ చెప్పాను. అది చెప్పకపోతే మిగతాదంతా చెప్పినట్టు కాదు.

ఆయన చాలాసేపు గుండీతో కుస్తీ పట్టాడు. "తగిలించి టీకి పోయిన మాట నిజమే. చాలాసార్లు పోయాను. ఆ తప్పు నాది, అది నేను చూసుకుంటాను. దాన్ని నువ్వు వాడుకోకు. నీ తప్పు నీ దగ్గరే ఉంచుకో."

"ఉంచుకుంటా బాబాయ్."

"ఆఫీసులో చెప్పావా?"

"ముందు నీకు చెప్పి..."

"నాకు చెబితే ఏముంది, నాకు చెవులే ఉన్నాయి. కలం వాళ్ళ దగ్గరుంది. తువ్వాలు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి చెప్పు."

తియ్యబోయాను. కుక్క లేవలేదు. గడ్డం ఆనించి నన్నే చూస్తోంది. లాగడానికి చెయ్యి సాచి ఆగిపోయాను. మొన్న ఎత్తిన చెయ్యి అదే.

"దాని మెడకేమైంది?" అన్నాడు బాబాయ్.

చెప్పాను. మన తీగే అని కూడా చెప్పాను.

బాబాయ్ మంచం దిగి దాని పక్కన చతికిలబడ్డాడు. ఎడమచెయ్యి వాసన చూడనిచ్చాడు. మెల్లగా తువ్వాలు కొస బయటికి లాగి, అంచు పంటితో కొరికి గాటు పెట్టాడు. మిగతాది చింపాలంటే రెండు చేతులు కావాలి. అటూ ఇటూ చూశాడు. పిన్ని కదల్లేదు.

"ఆ కొస పట్టుకో" అన్నాడు నాతో.

పట్టుకున్నాను. ఆయన అటు లాగాడు, నేను ఇటు లాగాను. పాత గుడ్డ, బర్రుమని చివరిదాకా చిరిగింది. పువ్వున్న ముక్క నా చేతిలో పెట్టాడు. "ఆఫీసుకి ఇది చాలు. కుక్కేం పాపం చేసింది."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అన్నాడు. "చెప్పాక రా. చెప్పకుండా మాత్రం రాకు."

సెప్టెంబరు 5

చెప్పాను. మేనేజరు, సూపర్‌వైజరు, గుమాస్తా ఉన్నారు. పువ్వు ముక్క బల్ల మీద పెట్టాను. సూపర్‌వైజరు మళ్ళీ 'ఒరేయ్'లోకి దిగాడు. మేనేజరు తలుపు వేయించి, "విచారణ కాగితం మీద సంతకం పెట్టేశావు కదా, ఇప్పుడు మారిస్తే ఏమవుతుందో తెలుసా? పోలీసులు కూడా రావచ్చు. వారం ఆలోచించుకో" అన్నాడు. రిపోర్టు రేపు పోతుంది, వారం ఎందుకు అన్నాను. కాగితం అడిగి అక్కడే రాశాను. "తువ్వాలు స్విచ్చు మీదే ఉంది, ముడి వేసి ఉంది, నేను విప్పాను, పిలవలేదు." గుమాస్తా ముద్ర కొట్టి నకలు ఇచ్చాడు.

ఎనిమిదో తేదీన రావద్దన్నారు. తర్వాత ఏం చేస్తారో చెప్పలేదు.

బయటికి వస్తుంటే బెల్టు ఆగి ఉంది. స్విచ్చు మీద నీలం తువ్వాలు. ఎవరిదో తెలీదు. దగ్గరలో ఎవరూ లేరు. స్తంభానికి నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కాగితాలు ఏరే ఆడవాళ్ళు చూస్తున్నారు. వాళ్ళకి అప్పటికే తెలిసిపోయింది, ఆ చూపే చెబుతోంది. తలెత్తలేకపోయాను, అయినా కదల్లేదు. పావుగంటకి ఒకడు ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి, నన్ను చూసి జంకి, ముడి విప్పుకున్నాడు. అప్పుడు వెళ్ళాను.

బాబాయ్ ఇంటికి వెళ్ళాను. పిన్ని తలుపు తియ్యలేదు. లోపలినుంచి ఆయన గొంతు వచ్చింది. "చెప్పావా?"

"చెప్పాను. నకలు ఇదిగో." తలుపు కిందనుంచి తోశాను. లోపలికి లాగిన చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు. మెట్టు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇంట్లో అక్కకి మొత్తం చెప్పాను. లైటు అక్కే వేసింది. నా చెయ్యి ఇంకా స్విచ్చు దాకా పోదు.

కుక్కకి గిన్నె పెట్టి, ఎదురుగా నేల మీద కూలబడి ఏడ్చాను. గోడవైపు తిరగాలన్న సంగతే గుర్తులేదు. తలెత్తి చూసేసరికి గిన్నె ఖాళీ. నా ముఖంకేసి చూస్తూ మూతి నాక్కుంటోంది.